ఆరూ ఇరవై

"ఈ ఇంట్లో మూడు టైములుంటాయండీ. లోకం టైము, గోడ టైము, మా ఆవిడ టైము." ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన చెప్పే మాట ఇది. వచ్చినవాళ్ళు నవ్వుతారు. స్టూలు మీద నిలబడి గడియారం అద్దం తుడుస్తున్న నేనూ నవ్వుతాను. నవ్వకపోతే "దీనికి వేళాకోళం కూడా అర్థం కాదు" అనే రెండో మాట తయారుగా ఉంటుంది.

మా వంటింటి గోడ మీది గడియారాన్ని ముందుకు జరపడం మొదలుపెట్టింది నేనే. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఒకరోజు బడి వ్యాను దాన్ని వదిలేసి వెళ్ళిపోయింది. అది సందు మొగలో ఒక్కతే నిలబడి ఏడుస్తుంటే పాలవాడు చూసి తీసుకొచ్చి అప్పగించాడు. ఆ పది నిమిషాల్లో దానికి ఏమేమి అయి ఉండేదో వారమంతా ఊహించుకుంటూనే ఉన్నాను. లారీ, కుక్కలు, ఎవడో చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం, బావి. మా వీధిలో బావి లేదు, అయినా బావి కూడా వచ్చింది. మర్నాడే ముల్లు అయిదు నిమిషాలు ముందుకు తిప్పాను. నెల తిరిగేసరికి అందరికీ తెలిసిపోయి, అయిదు తీసేసుకుని చూడటం నేర్చుకున్నారు. ఏడు చేశాను. ఏడూ తెలిసిపోయింది. పది చేశాను. కూడికలో నేనెంత చురుకో తీసివేతలో వాళ్ళంత చురుకు. చేతుల్లో ఫోన్లున్నాయి నిజమే, కానీ పొద్దున్నే స్నానాల గదికీ వంటింటికీ గుమ్మానికీ మధ్య పరిగెత్తేవాళ్ళ కళ్ళు పడేది గోడ మీదే. అందుకని ముఖ్యమైన రోజేదైనా ఉంటే ఎవరికీ చెప్పకుండా ఇంకాస్త తిప్పేదాన్ని, సాయంత్రానికి మళ్ళీ పది దగ్గరికి తెచ్చిపెట్టేదాన్ని. ఎంత తిప్పానో నాకొక్కదానికే తెలుసు. ఇంటిల్లిపాదీ వేళకు గడప దాటుతున్నారంటే దాని వెనక నేను పడే తంటా అది. అందుకు నాకు దక్కిన బిరుదు మూడో టైము.

మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఇంకోలా అనేవారు. "ఇంట్లో కూర్చునేదానికి గడియారంతో ఏం పనమ్మా, ఆఫీసుకెళ్ళాలా, రైలెక్కాలా?" అని. ఆవిడ మందుల వేళలు రోజుకు ఏడు. ఏడూ నేనే ఇచ్చాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మూడేళ్ళ కిందట ఒక పొద్దున నేను చూసిన టైము ఇప్పుడు కోర్టు కాగితాల్లో ఉంది. అది తప్పు.

మా పై వాటాలో ఒక జంట ఉండేవారు. ఆ అమ్మాయి ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. మా అమ్మాయి "కుట్టక్క" అని పిలవడం మొదలుపెడితే చివరికి వీధంతా అదే పేరు అయింది. భర్తది ఊరవతల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. వాళ్ళకు నాలుగేళ్ళ పాప. పైనుంచి అప్పుడప్పుడు అతని గొంతు వినిపించేది, ఏదో గిన్నె పడ్డ చప్పుడు, ఆ తర్వాత కుట్టుమిషను ఆగకుండా తిరిగే చప్పుడు. ఏడిస్తే కిందికి వినిపిస్తుందని మిషను తొక్కేదట. ఈ సంగతి ఆ అమ్మాయి చాలా రోజుల తర్వాత నాతో చెప్పింది. నాకు ముందే తెలుసు. తెలిసీ, పైకి వెళ్ళి తలుపు కొట్టలేదు. కొడితే అతను ఏమంటాడో, రేపు మా అమ్మాయి మెట్ల దగ్గర ఒంటరిగా ఎదురైతే ఏం చేస్తాడో అని.

ఆరోజు మా అమ్మాయికి ప్రవేశ పరీక్ష. ఎనిమిదింటికి గేటు మూసేస్తారు, ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వరని హాల్‌టికెట్టు మీదే రాసి ఉంది. ఏడాది చదువు ఆ ఒక్క గేటు మీద ఆధారపడి ఉంది. ముందురోజు వంటిల్లు సర్దేటప్పుడు గడియారాన్ని ఏకంగా ఇరవై అయిదు నిమిషాలు ముందుకు పెట్టాను.

పొద్దున మెట్ల కింద నీళ్ళ మోటారు తిరుగుతోంది. చెవులు గింగురుమనే మోత దానిది. అత్తగారు ఆ వారం ఊళ్ళో లేరు. మా ఆయన స్నానంలో ఉన్నారు, అమ్మాయి లోపలి గదిలో పుస్తకం ముందు, నేను డబ్బాలు సర్దుతూ. ఆ మోతలోంచే బయటి మెట్ల మీద ఏదో దబదబా దొర్లిన చప్పుడు, ఒక్క కేక. గడియారంలో ఆరూ ఇరవై. వంటింటి తలుపు తీసి చూస్తే మెట్ల అడుగున కుట్టక్క. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. లైటు వేస్తే గానీ తల కింద ఉన్నది రక్తమని తెలియలేదు. అతను లేడు. అతని బండి లేదు. గేటు బార్లా తీసి ఉంది.

నా అరుపుకి మా ఆయన తువ్వాలుతోనే బయటికొచ్చారు. వీధి చివరికెళ్ళి బండి మాట్లాడుకొచ్చి, పరీక్షకి అమ్మాయిని తాను తీసుకెళ్తానని, నన్ను ఆసుపత్రికి వెళ్ళమని అన్నారు. ఆ నిమిషానికి సబబే అనిపించింది. పాప ముందురోజే నాయనమ్మ ఇంటికి వెళ్ళింది, అది ఒక్కటే అదృష్టం. ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఆ అమ్మాయి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చీటీలో ఏడూ పది అని రాశారు. అది డాక్టరు కలం పట్టుకున్న టైము. మేము ఆ బల్ల మీద ఎంతసేపు ఉన్నామో ఏ చీటీలోనూ లేదు.

పదింటికి పోలీసాయన వచ్చాడు. ఎన్నింటికి పడిందని అడిగాడు. ఆరూ ఇరవై అన్నాను. ఉజ్జాయింపుగా చెబుతున్నానా, గడియారం చూశానా అన్నాడు. చూశానన్నాను. ఆయన ముఖం విప్పారింది, గబగబా రాసుకున్నాడు. లైటు వేయాల్సి వచ్చిన సంగతీ, ఏడాదిగా పైనుంచి వినిపిస్తున్న గొంతు సంగతీ చెప్పబోతే "అవన్నీ తర్వాతమ్మా" అన్నాడు. ఆ "తర్వాత" అన్నది ఎప్పుడూ రాలేదు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో గడియారం ముందుందన్న సంగతే నాకు గుర్తు లేదు, రోజూ ఉండే పదీ లేదు, ఆరోజు పెట్టిన ఇరవై అయిదూ లేదు. బట్టల మీద రక్తం ఆరి అట్టకట్టింది. మనసు సగం ఆపరేషన్ గది తలుపు దగ్గర, సగం పరీక్ష గేటు దగ్గర ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులు రెండుసార్లు తోముకుని, అలవాటుగా స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పాను. తిప్పుతుండగా తెలిసింది. ఆరూ ఇరవై కాదు, ఆరుకు అయిదు తక్కువ. చెయ్యి తీసేసరికి ముల్లు పాత చోటికి వచ్చేసింది. ఇక గోడ మీద కూడా రుజువు లేదు.

మా ఆయనతో చెప్పాను. ముందు నవ్వారు. "అందుకా, మేము వెళ్ళేసరికి పరీక్ష గేటు దగ్గర వాచ్‌మన్ కూడా రాలేదు" అన్నారు. తర్వాత ముఖం మారింది. రాసుకున్నది రాసుకున్నారు కదా, ఇప్పుడు వెళ్ళి నా గడియారం తప్పు అంటే పిచ్చిదనుకుంటారు, అరగంట అటూ ఇటూ అయితే ఏ కొంపా మునగదు అన్నారు. చివరికి ఒక మాట అన్నారు. "స్టేషను చుట్టూ తిరిగే ఇల్లు అని పేరొస్తే, అమ్మాయి సంగతి ఆలోచించావా?"

అమ్మాయి సంగతి అంటే చాలు, నాకు చేతులు చల్లబడిపోతాయి. ఆ విషయం ఆయనకు బాగా తెలుసు. ఊరుకున్నాను.

కుట్టక్క బతికింది. స్పృహ వచ్చాక, అతనే తోశాడని చెప్పింది. అతను కాదన్నాడు. అయిదూ యాభైకల్లా తాను షిఫ్టుకి బయల్దేరిపోయాడట, తర్వాత తనే కాలు జారి పడిందట. కేసు నడిచింది అంటారు గానీ నడవలేదు, కూర్చుంది. జడ్జిగారు మారారు, లాయర్లు రాలేదు, కాగితం ఒకటి దొరకలేదు. ఈలోగా మా అమ్మాయి చదువుకి హాస్టలు చేరింది, మా అత్తగారు పోయారు, కుట్టక్క పుట్టింటి దగ్గర్లో ఒక గది తీసుకుని మళ్ళీ మిషను పెట్టుకుంది. పాప మాత్రం నాయనమ్మ దగ్గరే ఉండిపోయింది. కేసు తేలేవరకూ అక్కడే అన్నారు. అతను నిర్దోషి అని తేలితే ఇక ఆ పిల్ల తల్లి దగ్గరికి రాదు. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. నెలకొకసారి చూడనిస్తే, ఈ మధ్య "ఆంటీ" అని పిలిచి నాలుక కరుచుకుందట.

మూడేళ్ళకి నాకు సమను వచ్చింది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి అన్నం సహించలేదు. మూడేళ్ళ కిందటి పొద్దున గురించి నిన్నటి సంగతిలా అడుగుతారట. నిన్న ఏం వండావంటే తడుముకునే మనిషిని. తడబడితే అబద్ధమంటారు, తడబడకపోతే ఎవరో నేర్పించారంటారు. మా ఆయన మాత్రం పాత కాగితం నకలు సంపాదించి, నా చేత నాలుగుసార్లు చదివించారు. పిల్లకి పద్యం అప్పజెప్పించినట్టు ఆరూ ఇరవై, ఆరూ ఇరవై అని అప్పజెప్పించారు.

కుట్టక్క సాక్ష్యం ముందు వాయిదాలోనే అయిపోయింది. ఎన్నింటికి జరిగిందంటే తెలియదందట. పొయ్యి మీద పాలు దించబోతుంటే వెనక నుంచి జుట్టు పట్టుకున్నాడని, ఆ పాలు మాడిన వాసన గుమ్మం దాకా వచ్చిందని, రెండో మెట్టు దగ్గర వీపు మీద అతని అరచెయ్యి పూర్తిగా ఆనిందని చెప్పిందట. ఇందులో టైము ఎక్కడుందన్నాడట అతని లాయరు. తలకి దెబ్బ తగిలిన మనిషి కనుక జ్ఞాపకాలు కలగాపులగం అయి ఉంటాయన్నాడట. అరచెయ్యి కాగితం మీదికి ఎక్కిందో లేదో తెలియదు గానీ, సమయం చెప్పలేకపోయిందన్నది మాత్రం ఎక్కింది.

సర్కారు తరఫున వాదించే లాయరమ్మది చిన్న వయసు. చంకలో ఫైళ్ళ దొంతర, భుజాన ఇంకో సంచి. కోర్టు వరండాలో నాకు ఆమె దొరికింది పది నిమిషాలు. పోలీసులకి చెప్పిందే చెప్పండమ్మా, ఎక్కువా వద్దు తక్కువా వద్దు అంది. అప్పుడే చెబుదామనుకున్నాను. పక్కన మా ఆయన నిలబడి ఉన్నారు.

అతని లాయరు పెద్దాయన. కసురుతాడని, వేలు చూపిస్తాడని, నా చదువు పది దగ్గర ఆగిన సంగతి ఎత్తుతాడని భయపడ్డాను. ఆయన "అమ్మా" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, మా ఇంట్లో ఎవరూ నన్ను అంత మెత్తగా పిలవరు. నేను ఎన్నింటికి లేస్తానని అడిగాడు. నాలుగున్నరకన్నాను. పాలు ఎన్నింటికి, మోటారు ఎన్నింటికి, డబ్బాలు ఎన్నింటికి సర్దుతానని అడిగాడు. అన్నీ చెప్పాను. అత్తగారి మందులు రోజుకు ఎన్నిసార్లు ఇచ్చేదాన్నని, ఎప్పుడైనా వేళ తప్పానా అని అడిగాడు. ఏడుసార్లన్నాను, ఒక్కసారీ తప్పలేదన్నాను. ఆయన జడ్జిగారి వైపు తిరిగాడు. "ఇలాంటి ఇల్లాళ్ళ వల్లే ఇళ్ళు నడుస్తున్నాయి. నా చేతి వాచీని నమ్మకపోయినా ఈవిడ టైమును నమ్మొచ్చు" అన్నాడు. జడ్జిగారు కళ్ళద్దాల మీంచి నన్ను చూసి తలూపారు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చేసే పనిని ఒక మనిషి వరసపెట్టి, పైకి, నలుగురి ముందు చెప్పడం అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక బెంచీలో మా ఆయన వింటున్నారా లేదా అని చూశాను. ఆ చూడటంలోనే అయిపోయింది. కాబట్టి మీరు చూసిన ఆరూ ఇరవై తప్పయ్యే అవకాశం లేదు, అవునా కాదా అన్నాడు లాయరు. అవునండీ అన్నాను.

అప్పుడు తీశాడు ఆ కాగితం. ఫ్యాక్టరీ గేటు దగ్గర వేలిముద్ర పెట్టే మిషను కాగితం. ఆరూ నలభైకి అతని వేలు పడింది. ఇంటి నుంచి అక్కడికి బండి మీద అరగంట. ఆరూ ఇరవైకి ఇక్కడ పెళ్ళాన్ని తోసినవాడు ఆరూ నలభైకి అక్కడ ఎలా ఉంటాడు? మిషను అబద్ధం చెప్పదు, ఈ తల్లీ అబద్ధం చెప్పదు అన్నాడు. బోను కొయ్య పట్టుకుని నిలబడ్డ నాకు లెక్క క్షణంలో తేలింది. తీసివేతలు నాకూ వచ్చు. ఆరుకు అయిదు తక్కువకి తోసినవాడు తీరిగ్గా వెళ్ళి, ముఖం కడుక్కుని మరీ వేలు పెట్టొచ్చు. మాట నోటిదాకా వచ్చింది. కానీ అప్పుడే మెచ్చుకున్న మనుషుల ముందు నా గడియారం దొంగ గడియారమని, దాన్ని దొంగని చేసింది నేనేనని ఎలా చెప్పను? జీవితంలో ఒక్కసారి దొరికిన మంచిమాటని చేతిలో ఇంకాసేపు ఉంచుకోవాలనిపించింది. ఇంత చిన్న ఆశకి అంత పెద్ద సంగతి మింగేశాను. ఇక వెళ్ళొచ్చమ్మా అన్నారు జడ్జిగారు. దిగి వచ్చేశాను.

వరండాలో మా ఆయన నీళ్ళ సీసా అందించి, తడబడకుండా బాగా చెప్పానన్నారు. బండి తీసుకొస్తానని వెళ్ళారు. అప్పుడు కుట్టక్క నా దగ్గరికి వచ్చింది. చెవి పైన కుట్లు పడ్డచోట జుట్టు మళ్ళీ రాలేదు. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఒకటి అడగనా? ఆరూ ఇరవయ్యేనా?"

మా ఆయన బండి వస్తోందేమోనని గేటు వైపు చూశాను.

"మీరు చూశారంటే నిజమే అయ్యుంటుంది. నేనే జారానేమో అక్కా. మూడేళ్ళుగా అందరూ అదే అంటుంటే నాకూ అలాగే అనిపిస్తోంది. ఈ మధ్య కలలో కూడా వెనకాల ఎవరూ ఉండట్లేదు."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. మూడు రోజులు ఆ మాటతోనే గిన్నెలు తోమాను, బట్టలు ఆరేశాను, ఉప్పు రెండుసార్లు వేశాను. ఆ అమ్మాయికి అన్నీ గుర్తున్నాయి, టైము ఒక్కటి తప్ప. నా దగ్గర ఉన్నది టైము ఒక్కటే. నేను చెప్పిన తప్పు అంకె వెళ్ళి, ఆ అమ్మాయి వీపు మీద ఆనిన అరచేతిని చెరిపేస్తోంది. అతను తోసింది ఒకసారి. నేను మూడేళ్ళుగా, రోజూ ఆరూ ఇరవైకి తోస్తున్నాను.

మా ఆయనతో మళ్ళీ ఎత్తాను. మాట మారిస్తే తప్పుడు సాక్ష్యం చెప్పానని నన్నే లోపలేస్తారన్నారు. "అప్పుడు ఇంట్లో వంటెవరు చేస్తారు?" అని నవ్వారు. వేళాకోళమే. కానీ జైలు అనగానే ఆయనకు ముందు తోచింది అది. నాకు మాత్రం అన్నీ తోచాయి. జైలు, పేపర్లో ఫోటో, మా అమ్మాయి హాస్టల్లో దాన్ని చూసి గుసగుసలాడే పిల్లలు, అతను మా గేటు దగ్గర కాపు కాయడం. భయపడటంలో నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం, ఏదీ వదిలిపెట్టలేదు. అన్నీ అయ్యాక చూస్తే, ఆ అమ్మాయి కల ఇంకా అక్కడే ఉంది.

నాలుగో రోజు పొద్దున, ఆయన డబ్బా పట్టుకుని వెళ్ళాక, బస్సెక్కి లాయరమ్మ ఆఫీసుకి వెళ్ళాను. జిరాక్సు షాపు పైన చిన్న గది. కుర్చీ మీది ఫైళ్ళు నేలమీద పెట్టి నన్ను కూర్చోమంది. గడియారం సంగతి మొదటి నుంచీ చెప్పాను. వింటూ వింటూ తల పట్టుకుంది. మూడేళ్ళు ఏం చేశారమ్మా అంది. తర్వాత తనే సర్దుకుని, సాక్షిని మళ్ళీ పిలిపించమని జడ్జిగారిని అడగొచ్చు, ఆయన ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు అంది. ఒప్పుకుంటే ఆ పెద్ద లాయరు ఈసారి అమ్మా అనడట. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అని నిలదీస్తాడట. ఆ పొద్దున పరీక్ష దగ్గరికి ఎంత ముందు చేరారో మా ఆయన వచ్చి చెబుతారా అని అడిగింది. అడుగుతానన్నాను. ఆయన చెప్పకపోతే ఒక్కదాన్నే చెబుతానన్నాను.

ఆమె కలం తీసింది. రాయబోయి ఆగింది.

"ఇంకోటి కూడా అడుగుతాడమ్మా. నేనైనా అడుగుతాను. మెట్ల మీద మనిషి పడిన చప్పుడు వింటే ఎవరైనా పరిగెడతారు. పరిగెత్తే మనిషి గడియారం చూడదు. మీరు నిమిషంతో సహా ఎలా చూశారు?"

మూడేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పోలీసాయన అడగలేదు, మా ఆయన అడగలేదు, అంత పెద్ద లాయరూ అడగలేదు. ఇంట్లో ఉండే ఆడదాని కళ్ళు గడియారం మీద ఎందుకు ఉంటాయని ఎవరికి అనుమానం వస్తుంది. కింద జిరాక్సు మిషను ఆగి ఆగి తిరుగుతోంది. ఆమె నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది, నేను ముట్టుకోలేదు.

"నేను పరిగెత్తలేదమ్మా. గొళ్ళెం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. పక్కనే గోడ మీద గడియారం ఉంది. ఆరూ ఇరవై నుంచి ఆరూ ఇరవై ఆరు దాకా చూస్తూ నిలబడ్డాను."

ఆమె కలం బల్ల మీద పెట్టేసింది. ఆ ఆరు నిమిషాలు బయటపెడితే చెడ్డపేరు నాకే వస్తుందని, మనిషి రక్తం కారుతూ పడి ఉంటే తలుపు వెనక దాక్కున్నానని కోర్టంతా అంటుందని మెల్లగా చెప్పింది. అది రాయకుండా కూడా అర్జీ పెట్టొచ్చంది.

"రాయండమ్మా" అన్నాను. "కాలు జారి పడిందనుకుంటే అప్పుడే తలుపు తీసుకుని పరిగెత్తేదాన్ని. అతను ఇంకా మెట్ల మీదే ఉన్నాడని తెలుసు కాబట్టే, అతని బండి కదిలేదాకా నిలబడ్డాను."